మొయినాబాద్‌కే తీస్కపో

జ్ఞానేశ్వర్ చనిపోయింది మంగళవారం పొద్దున. అతని ఆపరేషన్‌కు డాక్టరు ఇచ్చిన తేదీ పై వారం గురువారం. తొమ్మిది రోజుల తేడా. ఆరేళ్లు వెతికితే దొరికిన డాక్టరు ఆయన.

ఆ ఆరేళ్లూ మంజుల చేవెళ్ల హైస్కూల్లో పాఠాలు చెబుతూ, భర్త జ్ఞానేశ్వర్ కడుపును కాచుకుంటూ బతికింది. తింటే ఉబ్బు, తినకుంటే నీరసం, పొట్టమీద మలం పడే సంచి. ఒక సర్జన్ రిపోర్టులు చూడకుండానే రేపే కోద్దామన్నాడు. ఇంకొకాయన ఫైలు తెరిచి, మూసి, మరెవరికైనా చూపించమన్నాడు. చివరికి దొరికినాయన మాత్రం పాత కాగితాలన్నీ గంటసేపు చదివాడు. పేగుల డాక్టరును పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ముందు ఒంట్లో బలం రావాలి, మూడు నెలలాగాకే కత్తి పట్టుకుంటానన్నాడు. మొదట కోసినప్పుడే అంతా చెడిందని చెప్పిందీ ఆయనే.

ఆ మొదటి కోత మొయినాబాద్‌లో ఒక చిన్న నర్సింగ్ హోంలో జరిగింది. అక్కడికి పంపింది సంగయ్య. చేవెళ్లలో ముప్పై ఏళ్లుగా సూదులు వేస్తున్న ఆర్ఎంపీ. ఏ జబ్బుకు ఏ పెద్ద డాక్టరో ఊళ్లవాళ్లకు చెప్పేది అతడే. పేషెంటును తీసుకొస్తే ఆ నర్సింగ్ హోం సర్జన్ అతణ్ని ఆపరేషన్ గదిలోకి రానిచ్చేవాడు. జ్ఞానేశ్వర్‌ను కోసిన రోజు పచ్చగౌనూ టోపీ వేసుకుని దిగిన ఫోటోను సంగయ్య వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నాడు. "సార్‌ది బంగారం అసొంటి చెయ్యి, టీచరమ్మా" అన్నాడు.

మంజుల అతణ్ని ఒక్క మాట అనలేదు. దినాల నాడు వచ్చి తిని వెళ్లినా అనలేదు. ఆ బంగారం చెయ్యి మాటను అతని నోట్లోకే తిరిగి కుక్కాలన్న కోరిక ఒక్కటే ఆమెను నిలబెట్టింది.

ఎనిమిది నెలలకు, మధ్యాహ్న భోజనం వేళ, సంగయ్య బడికొచ్చి వరండా మెట్ల కింద చెప్పులు విడిచి నిలబడ్డాడు. గేటు బయట ఆటోలో అతని భార్య అంతమ్మ ఉంది.

"మీ వదినకు గూడ అదే బీమారి, టీచరమ్మా. తిన్నదంత కక్కుతున్నది. పేగు సన్నబడ్డదని రిపోర్టు వచ్చింది."

"ఇంకేం ఫికర్ సంగన్నా? మొయినాబాద్‌కే తీస్కపో."

అతడు తల వంచుకున్నాడు. "బావకు ఆఖర్ల చూపెట్టినవు గదా, ఆ సార్ పేరు జర చెప్పు."

"మొయినాబాద్ సార్‌కేమైంది? బంగారం అసొంటి చెయ్యి గదా."

"ఎగతాళి చెయ్యకు చెల్లె."

"ఎగతాళెందుకు? గౌను గూడ ఇస్తడు. వదిన పక్కన నిలబడి ఫోటో దిగు."

"ఆడికి తీస్కపోను."

"ఎందుకు?"

"ఆయనతోని గింత పెద్ద కేసు కాదు."

"ఎప్పటిసంది ఎరుక నీకు?"

సంగయ్య గేటు బయటి ఆటో వైపు చూశాడు. ఎనిమిది నెలల్లో మొదటిసారి మంజులకు గుండె తేలికైంది. అందుకు ఆమె సిగ్గుపడలేదు.

గేటు దాకా నడిచింది. అంతమ్మ కొంగును పొట్టకు అదిమిపెట్టుకుని ఆటో కడ్డీని పట్టుకుని కూర్చుంది.

"బువ్వ తిన్నవా మంజులా? గట్ల చిక్కిపోయినవేంది?"

"నువ్వెట్లున్నవు వదినా?"

"ఏం జెప్పాలె. మీ అన్నకు ఊరందరి కడుపులు తెలుసు, నా కడుపే తెల్వకపాయె." నవ్వబోయి, నొప్పికి కళ్లు మూసుకుంది.

డాక్టరు పేరు మంజుల నాలుక చివరికొచ్చింది. అంతలో వెనక సంగయ్య అడుగుల చప్పుడైంది. ఆమె పెదవులు బిగిసిపోయాయి.

"బెల్లు కొట్టిన్రు వదినా" అని లోపలికి వెళ్లిపోయింది.

అది సోమవారం. ఇవాళ శుక్రవారం. సంగయ్య రోజూ వచ్చి మెట్ల కింద నిలబడుతున్నాడు. మంజుల ఆ డాక్టరు పేరు ఇంకా చెప్పలేదు.