పల్లం లేని ఊరు

మా ఆయన కారును పల్లం చూసి ఆపుతారు. అందరూ నీడ వెతుక్కుంటే స్టాన్లీ మాస్టారు వాలు వెతుక్కుంటారు. తాళం తిప్పినప్పుడు బండి పలక్కపోతే బ్రేకు వదిలి కిందికి దొర్లించి, రెండో గేరులో క్లచ్ వదులుతారు. ఒక్క కుదుపుతో ఇంజను లేస్తుంది. ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పిన మనిషి కదా, "సూసావా అన్నమ్మా, గురుత్వాకర్షణకి ఖరీదు నేదు" అని నావైపు గర్వంగా చూస్తారు.

ఆ బ్యాటరీకి ఆరేళ్లు. మార్చండని రెండేళ్లుగా నేను మొత్తుకుంటున్నాను. ఆయన "రేపు" అంటారు. ఈలోగా మా బతుకంతా పల్లాల చుట్టూ తిరుగుతోంది. శ్రీకాకుళంలో ఇన్ని దుకాణాలుండగా మేం కూరగాయలు కొనేది వంతెన దిగే చోటున్న బడ్డీ దగ్గర. అక్కడ వంకాయలన్నీ పుచ్చులే, కానీ వాలు బాగుంటుంది.

ఇంతవరకూ నవ్వుకుంటాను. నాకు ఏడుపొచ్చేది ఒక్కచోటే. మా చెల్లెలు ప్రిస్కిల్లా ఉండేది భావనపాడులో. సముద్రం ఒడ్డున అరచెయ్యిలా చదునైన ఊరు. అక్కడ ఆపితే మళ్లీ లేవదని మాస్టారు అటువైపు బండి తిప్పరు. మోకాళ్ల నొప్పులతో నేను బస్సు మెట్లు ఎక్కలేను. కిందటేడు దాని కొత్తింటి ప్రార్థనకి వెళ్లలేకపోయాను. మూడు నెలలు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మనవరాలిని చర్చిలో దేవుడికి ప్రతిష్ఠించే ఆదివారానికి పిలుస్తూ, "అప్పా, ఈసారి కూడా రాకపోతే నాకు అప్ప నేదనుకుంటాను. అంతే" అని ఫోన్ పెట్టేసింది. నాకున్నది ఒక్కగానొక్క చెల్లి.

ఈసారి భావనపాడు వెళ్లి తీరాలని మాస్టారిని ఒప్పించి, ఆ సాయంత్రమే బ్యాటరీల షాపుకి లాక్కెళ్లాను. షాపు లక్ష్ముడిది. ఆయన శిష్యుడే. మీటరు తగిలించి ఇంజను తిప్పమన్నాడు. తిప్పగానే ముల్లు దబ్బున పడిపోయింది.

"మాస్టారూ, ఊరికే ఉన్నప్పుడు బాగానే సూపిస్తన్నాది గానీ బరువు పడితే నిలబడ్డం నేదు. ఇయ్యాలే మార్చీయండి."

"నేను సెప్పిన పాఠం నాకే సెప్తన్నావేటిరా? భావనపాడు ఎల్లొచ్చాక సూద్దాం."

"అక్కడ ఆగిపోతే ఏటి సేస్తారండీ?" అన్నాను.

"పడవలు లాగే ఊరే అది. తోసేవోళ్లకి కరువేటి?" అన్నారు. ఇక ఆయనతో వాదించి లాభం లేదు. వెళ్తున్నాం కదా, అదే చాలనుకున్నాను.

ఆదివారం చర్చి గుమ్మంలోనే ప్రిస్కిల్లా నా చెయ్యి పట్టుకుంది. మరి వదల్లేదు. పాస్టరు థామస్ గారు పాపను చేతుల్లోకి తీసుకున్నారో లేదో, కరెంటు పోయింది. మైకు మూగబోయింది. బయట షామియానా కింద కూర్చున్నవాళ్లు వినపడ్డం లేదని గోల మొదలుపెట్టారు.

మాస్టారు లేచారు. "నా బ్యాటరీ ఉన్నాది కదా!"

చొక్కా పట్టి లాగాను. ఆగితేగా! కారు బానెట్ ఎత్తి, మైకు సెట్టు తీగలు బ్యాటరీకి తగిలించారు. మైకు పలికింది. జనం చప్పట్లు కొట్టారు. థామస్ గారికి హుషారొచ్చింది. పాప కోసం, పాప తల్లిదండ్రుల కోసం, వలల కోసం, వానల కోసం, చివరికి స్టాన్లీ గారి బ్యాటరీ కోసం కూడా ప్రార్థించారు. నలభై నిమిషాలు. ఆమెన్ దగ్గరికొచ్చేసరికి మైకు గొంతు పీలగా అయిపోయింది.

భోజనాలయ్యాక తాళం తిప్పితే బండి టిక్కుమని కూడా అనలేదు. పదిమంది చేపల వేటగాళ్లు భుజాలు పెట్టి, పడవను తోసినట్టే కేకలేస్తూ ఊరి చివరిదాకా తోసినా ఇంజను లేవలేదు. బ్యాటరీలో చుక్క మిగిల్తే కదా! ముప్పై ఏళ్ల ఫిజిక్సంతా మాస్టారి మొహం మీంచి చెమటై కారిపోయింది.

"నీ మాట వినుండాల్సింది" అన్నారు. నలభై ఏళ్ల కాపురంలో ఆ మాట వినడం అదే మొదలు. వెంటనే లక్ష్ముడికి ఫోన్ కలిపారు. "కొత్త బ్యాటరీ పట్టుకుని ఇప్పుడే బయల్దేరరా! సాయంత్రానికి ఇల్లు సేరిపోవాలి."

ప్రిస్కిల్లా నా చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. దాని కొత్తిల్లు నేనింకా చూడనే లేదు. ఏడాది కబుర్లు అలాగే ఉన్నాయి. నాకు ఒక్కసారిగా అక్కణ్ణించి కదలబుద్ధి కాలేదు.

మాస్టారి చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను. "లక్ష్ముడూ, ఇయ్యాల వద్దురా. రేపు సూద్దాం."

మాస్టారు నోరు తెరిచారు. "రెండేళ్లుగా ఇయ్యాలే ఇయ్యాలే అని నా పేణం తోడీసావు కదేటే!"

"మీరు రేపు అన్నప్పుడల్లా నేను ఆగలేదేటండీ? ఒక్కరోజు మీరూ ఆగండి" అన్నాను.

"అయితే రేపు పొద్దున్నే వచ్చీమంటారా అమ్మా?" లక్ష్ముడు అడుగుతున్నాడు.

నేను బదులిచ్చేలోపే ప్రిస్కిల్లా ఫోన్ లాక్కుంది.

"ఎల్లుండి రా నాయినా" అని పెట్టేసింది.