పేరు తీయని మితాన్

మొగుడి పేరు నోటితో పలకడానికి ఉప్పలమ్మకు ఆసుపత్రి కౌంటరు కావలసివచ్చింది. కాపురానికి వచ్చిన నాటినుంచీ "మా ఇంటాయన" అంటూ నెట్టుకొచ్చిన మనిషి, విశాఖలోని పెద్దాసుపత్రిలో గుమాస్తా కసురుకునేసరికి "భూషణం" అనేసింది. అనేసి తల దించుకుంది. రెండు కిడ్నీలూ పాడైనవాడి పెళ్ళానికి సిగ్గుపడే తీరిక కూడా ఉండదు.

భూషణం బస్తర్‌లోని మరైగూడ రైతుబిడ్డ. బైలాడిలా కొండమీద ఇనుప గనిలో డంపరు లారీ నడిపేవాడు. అక్కడే మందుగుండు గోదాముకు కాపలా ఉండే నేపాలీ ధన్‌బీర్‌తో స్నేహం కుదిరింది. గీదం జాతరలో జోగ అనే ముసలాయన వాళ్ళిద్దరిచేత కొబ్బరికాయలు మార్పించి, ఒకరి నోట్లో ఒకరిచేత ప్రసాదం పెట్టించి, మితాన్ కట్టించాడు. బస్తర్‌లో మితాన్ అంటే తోడబుట్టినవాడికంటే ఎక్కువ. ఇకమీదట ఒకరి పేరు ఒకరు తీయకూడదనీ, నోట పలికితే ఆ పేరుగలవాడి ఆయుష్షు తరుగుతుందనీ జోగ మరీ మరీ చెప్పాడు. ఆ మాట ఇద్దరూ ప్రాణంలా పట్టుకున్నారు. ధన్‌బీర్ తన దేశం వెళ్ళిపోయాక, ఎస్‌టీడీ బూత్‌లో అవతలివాడు "కౌన్ చాహియే?" అని, ఎవరు కావాలో అడగగానే భూషణం ఫోను పెళ్ళాం చేతిలో పెట్టేవాడు.

"పేరు చెప్పనీకి రాదు గని, దోస్తు మాత్రం కావాలె" అని ఆమె దెప్పేది. భూషణం నవ్వేవాడు.

జబ్బు సంగతి తెలియగానే, ఎవరూ పిలవకుండానే ధన్‌బీర్ కొండలు దిగి వచ్చాడు. భుజాన సంచి దించకుండానే "ఒకటి మితాన్‌కు, ఒకటి నాకు" అన్నాడు. సొంత అన్న రక్తం కలవలేదని తప్పుకున్నాడు. తమ్ముడేమో, ఎక్కడ కలుస్తుందోనని పరీక్షకే రాలేదు. కలిసింది మాత్రం ఏడు కొండల అవతల పుట్టినవాడి రక్తం. అతని గుండె, మూత్రం, ఊపిరితిత్తులు అన్నీ చూసి డాక్టర్లు బాగున్నాయన్నారు. ఆపరేషను కోత అయ్యాక అతను పడుకోవడానికి ఉప్పలమ్మ తమ ఇంట్లో గాలి తగిలేచోట నులకమంచం కూడా బిగించి వచ్చింది.

కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. చుట్టం కానివాడు, అందునా బయటి దేశంవాడు కిడ్నీ ఇస్తానంటే కమిటీ ఒప్పుకోవాలి. అందులో దాతల మంచిచెడ్డలు చూసే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. ధన్‌బీర్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగింది. ఉప్పలమ్మ గుమ్మం దగ్గర నిలబడింది.

"ఎవరికిస్తున్నావు?"

"మితాన్‌కు."

"ఆయన పేరు?"

ధన్‌బీర్ తల అడ్డంగా ఊపాడు. ఆవిడ మళ్ళీ అడిగింది. "మితాన్" అన్నాడు మళ్ళీ.

"పేరైనా తెలియని మనిషికి కిడ్నీ ఇస్తున్నావా? నిన్నెవరు తీసుకొచ్చారు?"

"తెలుసమ్మా, తీయగూడదు" అని ఉప్పలమ్మ గుమ్మంలోంచి అంది. నౌకరు ఆమెను బయటికి నడిపించాడు.

డాక్టరమ్మ చెడ్డది కాదు. అదే ఉప్పలమ్మ ఖర్మ. తిట్టుకోవడానికైనా మనిషి దొరకలేదు. సాయంత్రం వరండాలో ఆవిడే ఆగి మాట్లాడింది. "డబ్బాశ చూపి ఇలాగే మనుషుల్ని తెస్తారమ్మా. కోత అయ్యాక బస్సెక్కించేస్తారు. తర్వాత ఎలా ఉన్నావని అడిగే దిక్కుండదు. అలా పోయినవాళ్ళను నేను చూశాను."

"ఈయన మా ఇంట్లనే ఉంటడమ్మా. మంచం గూడ బిగించిన."

"అందరూ ఉంచుతామనే అంటారు" అని ఆవిడ వెళ్ళిపోయింది. ఆ రోజుకు కాదన్నా, కమిటీ మళ్ళీ ఒకసారి చూస్తుందని మాత్రం కబురు వచ్చింది.

వాళ్ళు దిగిన సత్రంలో భూషణం నిద్రపోతుండగా ఉప్పలమ్మ ధన్‌బీర్‌ను బావి దగ్గరికి పిలిచింది. "తమ్మీ, ఒక్కపాలి ఆయన పేరు తియ్యి."

"నై భాభీ. కొబ్బరికాయ పట్టి ఒట్టు తిన్న."

"నేను నా పెనిమిటి పేరు కౌంటర్ల చెప్పలే? ఏమైంది? ఆయనకు తెల్వకుండ చెప్పు. పేరు బతకాల్నా, మనిషి బతకాల్నా?"

ధన్‌బీర్ బావి గట్టుమీద కూర్చున్నాడు. ఆమె భూషణం పేరు, తండ్రి పేరు, ఊరు, ఇల్లు ఎటువైపు తిరిగి ఉంటుందో అన్నీ వల్లె వేయించింది. పేరు దగ్గరికి వచ్చేసరికి ధన్‌బీర్ పెదవులు మాత్రమే కదిపేవాడు.

రెండోసారి కమిటీ ముందు అతను కళ్ళు మూసుకుని "భూషణం" అన్నాడు. వేపచెక్క నమిలినవాడిలా ముఖం పెట్టి మిగతావన్నీ వరసగా అప్పజెప్పాడు. డాక్టరమ్మ అతన్నీ, గుమ్మంలో ఉన్న ఉప్పలమ్మనూ చూసింది.

"పోయినసారి పేరు కూడా తెలియదు. ఇప్పుడు వంశమంతా పాఠంలా వచ్చింది. నీకెవరు నేర్పించారు?"

ధన్‌బీర్‌కు అబద్ధం రాదు. ఉప్పలమ్మ వైపు చూశాడు. కమిటీ కుదరదంది. అంతటితో అయిపోయింది.

భూషణం వానలు పడకముందే మరైగూడలో పోయాడు. చివరి రోజుల్లో అతన్ని రైలుకూ బస్సుకూ వీపున మోసింది ధన్‌బీరే. పిల్లలు లేని ఇల్లు. తలకొరివి పెట్టింది, తల గొరిగించుకుని వాగు ఒడ్డున కర్మకు కూర్చుంది కూడా అతనే. అన్నదమ్ములు కాస్త ఎడంగా నిలబడ్డారు.

"నేను పేరు తీసిన భాభీ" అన్నాడు ధన్‌బీర్, ఆమె ముఖంలోకి చూడకుండా. "మితాన్ ఉమర్, ఆయుష్షు నేనే కోసిన."

చంపింది జబ్బు, నీ నోరు కాదు అని ఉప్పలమ్మ అనాలి. అనాలనే నోరు తెరిచింది. కానీ అతనిచేత ఆ మాట అనిపించింది తానే. జోగ చెప్పిన మాటను ఆమె కూడా సగం నమ్మింది. సగం నమ్మి కూడా చెప్పించింది. ఆ సంగతి ఇప్పుడు ఎవరికీ చెప్పుకోలేదు. 

కర్మ చేయించే దాసరయ్య పిండం అతని చేతిలో పెట్టాడు. "పోయినాయన పేరు తలుసుకో బిడ్డా."

ధన్‌బీర్ నీళ్ళవైపు ముఖం తిప్పుకున్నాడు.  దాసరయ్య మళ్ళీ అడిగాడు. ఉప్పలమ్మ లేచి వచ్చి ధన్‌బీర్ పక్కన ఇసుకలో కూర్చుంది.

"పేరొద్దయ్యా. మితాన్ అనిపియ్యి."

"అట్ల చెల్లదమ్మా. పేరు చెప్పకుంటే ఆయనకెట్ల అందుతది?"

"మొన్న ఆసుపత్రిల చెప్పినం గదయ్యా" అంది ఉప్పలమ్మ. "ఏం అందింది?"