కరెంటు పోయినా మోగిన అద్దం

ఆ ఆదివారం జాహేదాను చూడటానికి ఆత్మకూరు నుంచి పెళ్లివారు వస్తున్నారు. మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకల్లా ఇంట్లో ఉండాలని తల్లి అజీజా బేగం పొద్దున్నుంచి చెబుతూనే ఉంది. "సరే అమ్మీ, సరే" అంటూనే జాహేదా చెప్పులు తొడుక్కుని, మహబూబ్‌నగర్‌లో తాను ఫిజిక్స్ చెప్పే కాలేజీకి వెళ్లిపోయింది. సెలవు రోజున అక్కడ అడుగుల చప్పుడు ఉండదు. ఆమెకు కావలసింది అదే.

అది తొంభై ఆరో సంవత్సరం. ఎక్కడో రెండు చచ్చిపోయిన నక్షత్రాలు ఢీకొంటే ఆ తాకిడి అలలుగా ఇక్కడి దాకా వస్తుందట. కిలోమీటర్ల ఎడంలో వేలాడదీసిన రెండు అద్దాల మధ్య దూరం, అణుకేంద్రకంలో వెయ్యో వంతు కన్నా తక్కువే, మారుతుందట. దాన్ని పట్టుకునే యంత్రాలను అమెరికాలో, ఇటలీలో కట్టడం మొదలుపెట్టారు. చిక్కల్లా అద్దాలతోనే. ఎంత జాగ్రత్తగా వేలాడదీసినా గాజు తన ఒంటి వేడికి తానే వణుకుతుంది. తడితే ఎక్కువసేపు మోగే గాజులో, కొలతకు అడ్డొచ్చే ఆ వణుకు తక్కువ. అలాంటి గాజును, దాన్ని వేలాడదీసే పద్ధతిని వెతకడమే జాహేదా పరిశోధన.

అంతవరకు ఏ తీగకు కట్టినా, అద్దానికి బదులుగా వాడే గాజుబిళ్ల మోత చాయ్ తాగేలోపు చచ్చిపోయేది. గాజు మంచిదే, తీగే దాని బలాన్ని తాగేస్తోందని ఆమె అనుమానం. అందుకే ఈసారి అదే రకం గాజు కడ్డీని మంటలో కరిగించి, వెంట్రుకంత పోగు లాగి, దానికే బిళ్లను అతికించింది. పక్కన మంట పట్టుకున్నది సాటి లెక్చరర్ బాలనర్సమ్మ. మోత్కూరు మనిషి. నవ్విందంటే కాలేజీ గేటు దాకా వినిపిస్తుంది.

బిళ్ల మీద గాజు మూత బోర్లించి, లోపలి గాలంతా పంపుతో లాగేసి, మూత మర బిగించి పంపు ఆపేశారు. బిళ్లను మెల్లగా కదిలించి మోగించారు. గాలి లేదు గనక చెవికేమీ వినపడదు. బిళ్ల మీద పడ్డ లేజరు వెలుగు ఎంత ఊగితే తెర మీద పచ్చటి అల అంత ఎత్తు లేస్తుంది.

చాయ్ తాగారు. అల తగ్గలేదు.

"ఏందే, తెర గిట్ల ఖరాబైందా?" అంది బాలనర్సమ్మ.

"తెర మంచిగనే ఉంది. అద్దమే ఆగుతలేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బాలనర్సమ్మ నోరు తెరిచేలోగా జాహేదా అరచేత్తో మూసేసింది.

"నవ్వకు! పోగు తెగుతది!"

"నవ్వొద్దంటే ఇంక జాస్తి వస్తది గదనే."

మసీదులో జొహర్ అజాన్ అయిపోయింది. ఇద్దరికీ వినపడనే లేదు. అంతలో కరెంటు పోయింది. తెర నల్లబడింది. జాహేదా స్టూలు మీద కూలబడింది.

సరిగ్గా అప్పుడే వరండాలో చెప్పుల చప్పుడు. ముందు అజీజా బేగం, వెనక పెళ్లివారు. పిల్ల కాలేజీలో పనిలో ఉందని ఆమె సర్దిచెబితే, పెళ్లికొడుకు తల్లి లాడ్లీ బేగం ఊరుకోలేదు. "బస్టాండు తోవలనే గదా, మేమే పోయి చూస్తం నడువుండ్రి" అని అందరినీ లేవదీసింది.

ల్యాబు గుమ్మంలో నిలబడ్డ జాహేదా జుట్టు రేగి ఉంది. చున్నీకి మంట సెగ తగిలి నల్లటి చిల్లు పడింది. ఆమె సలాం చేసి, వెంటనే పెదవుల మీద వేలు పెట్టింది.

"జర చెప్పులిడిచి మెల్లగ రాండ్రి. కింద కూసోండ్రి. ఎవ్వరు కదలొద్దు."

అజీజా బేగం మొహం పాలిపోయింది. లాడ్లీ బేగం మాత్రం నిద్రపోతున్న పసిబిడ్డ పక్కన కూర్చున్నట్టు ఊపిరి బిగబట్టి నేల మీద కూర్చుంది. ఆమె కొడుకు లియాఖత్ అలీ కరెంటు ఆఫీసులో సబ్ ఇంజినీరు.

"మీరు కరెంటాయనే గదా? గిప్పుడే పోవాల్నా కరెంటు?" అని బాలనర్సమ్మ గుసగుసగా నిలదీసింది.

అతను లేచాడు. "సబ్‌స్టేషన్ దిక్కు ఉరికి అడిగొస్త."

"ఉరకొద్దు!" అన్నారిద్దరూ ఒక్కసారే. అతను చప్పున కూర్చున్నాడు.

జాహేదా కళ్లు మెరిశాయి. పంపు ముందే ఆపేశారు. మర బిగించే ఉంది, లోపలికి గాలి పోదు.

"కరెంటు పోయింది తెరకు. అద్దానికి గాదు! అది లోపల మోగుతనే ఉంటది. కరెంటొచ్చినంక చూద్దాం."

అంటూ, తగ్గు గొంతుతో నక్షత్రాల సంగతి చెప్పుకొచ్చింది.

"గా చుక్కలు గుద్దుకుంటే మనకు తెలుస్తదా బిడ్డా?" అడిగింది లాడ్లీ బేగం.

"తెలుస్తది ఖాలా. అద్దం నిమ్మలంగ ఉంటే."

"అయితే మనం సుత నిమ్మలంగుందాం."

అన్న మరుక్షణమే ఆమెకు తుమ్ము ముంచుకొచ్చింది. కళ్లు సగం మూతపడ్డాయి, ముక్కు పైకి లేచింది. అందరూ బిగుసుకుపోయారు. లియాఖత్ తల్లి ముక్కు గట్టిగా పట్టుకున్నాడు. తుమ్ము ఆగింది గానీ అతని భుజాలు నవ్వుతో ఊగడం మొదలయ్యాయి. అది చూసి, అప్పటిదాకా కోపంతో ఉడుకుతున్న అజీజా బేగం కూడా కొంగు నోట్లో కుక్కుకుంది.

ఫ్యాను కిర్రుమంది. తెర మీద ముందు చుక్క, తర్వాత గీత, ఆ గీత మెల్లగా లేచి పచ్చటి అల. ఇందాకటి కన్నా కాస్తే, కాస్తంటే కాస్తే పొట్టిది.

జాహేదా రెండు చేతులతో నోరు మూసుకుని కళ్లతోనే తలుపు చూపించింది. అందరూ మునివేళ్ల మీద వరసగా వరండా దాటి, మెట్లు దిగి, గ్రౌండు చివర దాకా వెళ్లారు. అక్కడ పెట్టింది జాహేదా కేక. బాలనర్సమ్మ ఆమెను నడుం పట్టి ఎత్తి గిరగిరా తిప్పింది. లాడ్లీ బేగం దాచిపెట్టుకున్న తుమ్ము తుమ్మేసరికి గోడ మీది కాకులన్నీ లేచిపోయాయి.

తర్వాత జాహేదా ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతుకు పరుగెత్తింది. హైదరాబాదులో ఉన్న తన పరిశోధన గైడుకు ఫోను చేసి, "తప్పు తీగది సార్! గాజుది కాదు!" అని అరిచింది. ఆయన రెండుసార్లు చెప్పించుకుని అవతల తానూ నవ్వసాగాడు. బూతు నడిపే బుచ్చయ్య ఆ సంబరం చూసి, "పుట్టింది కొడుకా, బిడ్డా?" అని అడిగాడు.

"అద్దం!" అంది జాహేదా.

బయట లియాఖత్ నిలబడి ఉన్నాడు.

"చూపులు కాలేదు గదా. మల్లొకసారి రావాల్నా?"

"రాండ్రి. గని ఇంటికి గాదు. రేపు ఇంకో బిళ్ల ఏలాడదీస్తం. మంట పట్టుకునేటోళ్లు ఇంకొకరు కావాలె."

"లీవు పెడ్త," అన్నాడతను, ఆలోచించకుండా.

మర్నాడు వచ్చాడు. రెండు వేళ్లు కాల్చుకున్నాడు. పోగు మాత్రం సన్నగా, చక్కగా వచ్చింది. వానాకాలంలో నిఖా జరిగింది.