కాలరు లోపలి చిరునామా

'దాత చిరునామా దొరకలేదు' అని రాసి, కింద సంతకం గిలికి, ఆ కాగితాన్ని నా ముందుకు తోశాడు మా విభాగాధిపతి. వెనకాల మేమంతా ఆయన్ని వెన్నపూస అంటాం. మాట అంత మెత్తన.

"ఎథిక్స్ కమిటీకి అధ్యక్షురాలివి. రేపు మీటింగులో నువ్వొక్క సంతకం పడేస్తే అయిపోతుందమ్మా" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. అదేమన్నా సెలవు చీటీయా, సంతకం పడెయ్యడానికి? పదహారేళ్ల కిందట గుండె జబ్బుతో పోయిన ఎనిమిదేళ్ల పాప చర్మపు ముక్క నుంచి నేను తయారుచేసిన మూలకణాలవి. గుండె కణాలుగా మారిస్తే గిన్నెలో టకటకా కొట్టుకుంటాయి. అందుకే వాటికి పిచ్చుక అని పేరు పెట్టుకున్నాం, వాటికి పోసే పోషకద్రవానికి మేత అని. నా పేపర్లు, నా ప్రొఫెసరు కుర్చీ, అన్నీ ఆ పిచ్చుక పుణ్యమే. ఇప్పుడెవరో కంపెనీవాళ్లు వాటిని అండాలుగా మార్చి, పిండాలు చేసి చూస్తారట. పలకాబలపం వదలని పిల్ల అండాలు! దానికి ఆ పిల్ల తల్లి ఒప్పుకోవద్దూ?

"వెతికారా అసలు?" అన్నాను.

"ఇంటికి ఉత్తరం రాయించానమ్మా. తిరిగొచ్చింది. పదహారేళ్లాయె, ఏ ఊళ్లో ఉందో ఏమో."

నేరుగా రికార్డు గదికి వెళ్లి పాత అంగీకార పత్రం తీయించాను. ఆ రోజు తల్లి చేతులు వణుకుతుంటే నేనే నింపాను. 'ఈ కణాలతో కొత్త పని ఏది చేయాలన్నా ముందు నన్ను అడగాలి' అన్న వరుసకి టిక్కు ఉంది. రెండో పేజీ తిప్పాను. ఆఫీసులో ఎవడూ తిప్పని పేజీ. పని: కుట్టు. కొట్టు: మార్కెట్టు వెనక సందు, పదిహేడో నంబరు.

ఆ కొట్టు నాకు తెలుసు. మా ల్యాబు కోట్లన్నీ అక్కడే కుట్టిస్తాం. పదకొండేళ్లుగా ఆవిడ ముందు చేతులు చాపి నిలబడి కొలతలిస్తున్నాను. ఏనాడూ ఆవిడ ముఖంకేసి సరిగ్గా చూడలేదు.

ఆ సాయంత్రమే వెళ్లాను. మిషను మీద తెల్లగుడ్డ ఉంది. మాదే అయ్యుంటుంది. నేను పాప కణాల విషయం మొదలుపెట్టగానే ఆవిడ మిషను ఆపేసింది.

"ఇన్నాళ్లకా మేడమ్?" అంది. "నేను మిమ్మల్ని మొదటిరోజే గుర్తుపట్టాను. మీ కోట్లు ఎందుకు ఒప్పుకున్నాననుకున్నారు? వస్తూ పోతూ ఉంటే ఎవరో ఒకరు పాప సంగతి చెప్తారని. మీరేమో ఎప్పుడూ ఫోనులోనే. పిచ్చుకకి మేత పెట్టారా, పిచ్చుక బాగుందా అని. ఓసారి అడిగాను కూడా, పిచ్చుకని పెంచుతున్నారా మేడమ్ అని. మీరు నవ్వి, అవునన్నారు."

నాకు గుర్తుంది. భుజం కొలత తీస్తూ అడిగింది. ఎంత చమత్కారంగా జవాబిచ్చాననుకున్నానో నాకే తెలుసు.

"ఆ పిచ్చుక..." అని ఆగింది. "మా పాపేనా?"

తలూపాను. 

"అక్కా, మర్చిపోయాం" అన్నాను చివరికి.

"మేత పెట్టడం మర్చిపోలేదుగా!"

 నిజమే. ఆదివారమైనా, వానైనా, సమ్మె అయినా పిచ్చుకకి మేత మానలేదు. గోడ మీద వంతుల పట్టీ ఉంది, ఏ రోజు ఎవరు పెట్టాలో. తల్లికి ఒక్క ఉత్తరం ముక్క రాయడానికి మాత్రం ఆ పట్టీలో ఎవరి వంతూ లేదు. ఊరంతా తిరిగి నీతుల మీద ఉపన్యాసాలిచ్చింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

కంపెనీ సంగతి చెప్పాను. ఆవిడ ఆ తెల్లగుడ్డ మడతలు సర్దింది.

"వద్దు" అంది. "అదే కాదు, ఏదీ వద్దు. ఇక ఆపేయండి. ఆపేటప్పుడన్నా నన్ను పిలవండి."

మర్నాడు మీటింగు. అందరూ ల్యాబుల్లోంచి కోట్లతోనే వచ్చారు. ల్యాబులో అడుగుపెట్టి ఏళ్లయినా వెన్నపూస కూడా కోటు విప్పడు. ఫొటోలకి బాగుంటుందని.

"దాత చిరునామా దొరకని పక్షంలో..." అని ఆయన మొదలుపెట్టాడు.

"మీ కోటు ఒకసారి విప్పండి" అన్నాను.

"ఏంటమ్మా?"

"విప్పి, కాలరు లోపల చదవండి. గట్టిగా."

ఆయన నీళ్లు నమిలాడు. మిగతావాళ్లు అప్పటికే తమ కాలర్లు తిప్పి చూస్తున్నారు. అందరి మెడ వెనకా అదే చిన్న గుడ్డముక్క, ఎర్రదారంతో కుట్టిన అవే అక్షరాలు. మార్కెట్టు వెనక సందు, పదిహేడో నంబరు, కింద ఫోను.

"సరే, దొరికిందిగా. మంచిమాటలతో అడిగితే ఒప్పుకుంటుందిలే."

"అడిగాను. వద్దంది. మొత్తం ఆపేయమంది."

వెన్నపూస మాటలోని మెత్తదనం కరిగిపోయింది. "పిచ్చుక పోతే నీకేం మిగులుతుందో ఆలోచించావా?"

"ఏం మిగలదు. మీ మెడకి చుట్టుకున్న చిరునామా మీకు కనపడలేదు. నాకూ కనపడలేదు. ఇన్నేళ్లూ తిన్నది చాలు" అని, తిరస్కరిస్తున్నట్టు రాసి సంతకం పెట్టాను.  

తర్వాతి సోమవారం పది గంటలకి ఆవిడ వచ్చింది. తను కుట్టిన కోటే ఒకటి తొడిగించాను. గడ్డకట్టించి దాచిన కణాల సీసాలన్నీ బయటికి తీసి బల్ల మీద పెట్టాం, ఇక పనికిరాకుండా కరిగిపోనిచ్చాం. ఇంక్యుబేటరులో మిగిలిన ఆఖరి గిన్నెని మైక్రోస్కోపు కింద పెట్టాను. ఆవిడ వంగి చూసింది. కణాలు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఈ పూట మేత ఎవరి వంతు?" అంది, అలా చూస్తూనే.

"నాదే."

"పదహారేళ్లు మీరే పెట్టారు. ఈ ఒక్కసారి నన్ను పెట్టనివ్వండి. తర్వాత ఆపేయండి."

మేత చుక్కలు వేసే పైపెట్టు ఎలా పట్టుకోవాలో చూపించాను. ఆవిడ చెయ్యి ఈసారి వణకలేదు.