ఆకుపచ్చ తప్ప ఏదైనా

మీగడ రంగు చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె గోధుమరంగు ముద్ర వేసేసింది. టైము ఏడుంబావు. ఎనిమిదింటికల్లా ఆఫీసు కారు వీధి మలుపులో ఆగుతుంది.

ఇరవై రెండేళ్లు లాండ్రీ ఫ్యాక్టరీలో చొక్కాలు నొక్కిన చెయ్యి అది. లక్షల కాలర్లు మచ్చ లేకుండా దాని కిందినుంచి దాటిపోయాయి. తీరా సొంత చొక్కా దగ్గరికొచ్చేసరికి ఒక్క క్షణం ఎక్కువ ఆగిపోయింది.

"అయ్యో పిన్నీ!" పళ్లు తోముకుంటున్న అక్క కూతురు బ్రష్షుతో సహా పరుగెత్తుకొచ్చింది. "నువ్వు చొక్కా కాల్చావా? రేపెవరైనా చేప నీళ్లలో మునిగి చచ్చిందన్నా నమ్మేస్తాను."

"ముందు నోరు కడుక్కురా. నురగంతా పరుపు మీద పడుతోంది."

పరుపు మీద ఖాళీ ఉంటే కదా! రెండు ప్యాంట్లు, మూడు చొక్కాలు, ఎవరిదో పెళ్లికి కుట్టించిన నల్లకోటు, పూల జాకెట్టు, ఊలు స్వెట్టరు. రాత్రే తేల్చుకోవాల్సిన సంగతి పొద్దుటిదాకా తేలలేదు. కొత్త ఉద్యోగపు ఉత్తరంలో అన్నీ అర్థమయ్యాయి, చివరి వాక్యం తప్ప. దుస్తులు: బిజినెస్ క్యాజువల్.

పిల్ల నోరు కడుక్కొచ్చి ఫోనులో చూసి చదివింది. "జీన్స్ వద్దు. టై అక్కర్లేదు. మెరిసేవి వద్దు. వేళ్లు కనపడే చెప్పులు వద్దు. మరీ బిగుతు వద్దు, మరీ వదులు వద్దు."

"ఏం వద్దో చెప్పేవాళ్లేగానీ ఏం కావాలో ఒక్కరూ చెప్పరేమే? అత్తగారి సణుగుడులా ఉంది."

నిజానికి ఆ బట్టల సంగతి ఆమెకు తెలిసినంతగా తొడుక్కునేవాళ్లకి కూడా తెలియదు. కాలరు లోపలి మురికి చూసి ఈయన మీటింగులో చెమటలు కక్కాడని చెప్పగలదు. మోచేతి దగ్గర నలుగుడు చూసి ఈవిడ బల్ల మీద పడి నిద్రపోయిందని చెప్పగలదు. కుట్లు తెలుసు, మడతలు తెలుసు. వాటి లోపల మనిషి ఎలా నిలబడాలో మాత్రం తెలియదు.

తనకి ఇరవై రెండేళ్లూ ఒకటే చొక్కా. ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన ఆకుపచ్చది. ఉతికేవాళ్లకి నీలం, నొక్కేవాళ్లకి ఆకుపచ్చ, మడతపెట్టేవాళ్లకి పసుపు. మేనేజరు మనుషుల పేర్లు పలికే శ్రమ ఏనాడూ పడలేదు. "ఏయ్ ఆకుపచ్చా" అంటే నలభై తలలు లేవాల్సిందే. అతని చొక్కాలకి పెట్టే గంజికి అవి మనిషి లేకుండానే నిలబడేవి. అందుకే చాటున అందరూ అతన్ని గంజిదొర అనేవాళ్లు.

"ఇది వేసుకో పిన్నీ, నీకు నప్పుతుంది," అంటూ పిల్ల లేత ఆకుపచ్చ చొక్కా ఎత్తి పట్టుకుంది.

"ఆకుపచ్చ తప్ప ఏదైనా."

ఆ గొంతు విని పిల్ల చొక్కా దించేసింది.

"వాడు మొహాలు చూడడే. రంగే చూస్తాడు. ఆ రంగులో వెళ్తే గేటు దగ్గరే గుర్తుపట్టి తరిమేస్తాడు. నేను లోపలికి, ఆ ప్రెస్సు దాకా వెళ్లాలి."

అసలు చొక్కాలు నొక్కే ఆ ప్రెస్సు మెషీనుకి రెండు బొత్తాలుంటాయి. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేగానీ కాలే పైపలక దిగదు. ఏ చెయ్యీ లోపల ఉండిపోకూడదని అలా చేశారు. రెండేళ్ల కిందట గంజిదొర టేపు చుట్ట పట్టుకుని వరసంతా తిరిగి, ఎడమవైపు బొత్తాలన్నీ నొక్కి అంటించేశాడు. ఒక చెయ్యి ఖాళీ అయితే చొక్కాలు ఎక్కువొస్తాయని లెక్క. పదకొండో రోజున పక్క ప్రెస్సులో అక్క ఎడమచెయ్యి ఉండిపోయింది.

"అదే అంటించుకుంది," అన్నాడు గంజిదొర విచారణలో. పక్క ప్రెస్సులో ఉన్న చెల్లెలిగా ఆమెను కూడా అడిగారు. అతను ఎదురుగానే నిలబడి ఉన్నాడు. ఇంట్లో ఒక జీతం అప్పటికే ఆగిపోయింది. "నేను చూడలేదండీ," అంది. ఆ మాటకి అక్క ఒక్కసారైనా తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

అక్క పెట్టుకున్న అప్పీలు మీద ఇవాళ ఆఖరి తనిఖీ. అధికారి సంతకం పెడితే 'కార్మికురాలి స్వయంకృతం' అన్న మాట ఇక చెరగదు. తనిఖీ ఆఫీసులో మెషీన్లు తెలిసిన సహాయకులు కావాలన్న ప్రకటన చూడగానే ఆమె ఫ్యాక్టరీ మానేసి దరఖాస్తు పెట్టింది అందుకే. బాధితురాలు తన అక్కేనని మాత్రం ఎక్కడా రాయలేదు.

చివరికి బూడిదరంగు ప్యాంటు, నేరేడు రంగు పొడుగుచేతుల చొక్కా తేలాయి. ముంజేతుల మీది వాతలు కనపడకుండా చేతులు మణికట్టు దాకా దించి బొత్తాలు పెట్టుకుంది. బూట్లు పిల్లవి.

"కరుస్తున్నాయే."

"మార్చుకుంటావా?"

"కరవనీ. కోపం చల్లారకుండా ఉంటుంది."

*

ఇరవై రెండేళ్లు రోజూ ఆమె సంచీ తడిమిన గేటు కాపలావాడు కారు చూసి లేచి నిలబడ్డాడు. గంజిదొర మెట్లు దిగొచ్చి అధికారికి నమస్కారం పెట్టాడు, ఆ ఊపులోనే ఆమెకీ పెట్టాడు.

"రండి మేడమ్. జాగ్రత్త, నేల తడిగా ఉంది."

ఏ ఆకుపచ్చ చొక్కాకీ ఎన్నడూ చెప్పని ఆ మాట ఆమె చెవిలో కత్తి నూరినట్టు వినిపించింది.

ప్రెస్సుల హాల్లో ఆకుపచ్చ వరస ఆమెను ఇట్టే గుర్తుపట్టింది. ఐదో ప్రెస్సావిడ కళ్లు ఇంతింతయ్యాయి. అయినా అందరూ తలలు వంచుకుని నొక్కుతూనే ఉన్నారు. ఇవాళ ఏ బొత్తాం మీదా టేపు లేదు.

"ఆశపోతు మనిషి సార్," గంజిదొర అధికారికి చెప్పుకుపోతున్నాడు. "నాలుగు చొక్కాలు ఎక్కువ నొక్కి మంచి పేరు కొట్టేద్దామని తనే అంటించుకుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇప్పుడు మా మీద పడి ఏడుస్తున్నారు."

అధికారి పెన్ను తీసి, ఆమెవైపు తిరిగాడు. "ఆవిణ్ని ఒకసారి పిలిపించగలమా?"

"కుదరదండీ," అందామె. "పోయిన నెల కాలం చేసింది. చెయ్యి పోయాక అన్నం మానేసింది. తర్వాత మాట మానేసింది."

అధికారి తల పంకించి కాగితం మీదికి వంగాడు.

"ఒక్క నిమిషం సార్," అంటూ గోడ మీద బోర్డు చూపించింది. ప్రెస్సుకి, గంటకి: 90 చొక్కాలు. "రెండు చేతులతో తొంభై ఎలా వస్తాయో చూసి సంతకం పెట్టండి."

గంజిదొర నవ్వాడు. "మేడమ్‌గారు కొత్త కదా, ఇక్కడి వేగం తెలియదు. ఏయ్ ఆకుపచ్చా, నొక్కి చూపించు."

ఐదో ప్రెస్సావిడ చొక్కా అందుకోకుండా ఆమెవైపు చూసింది.

"ఆవిణ్ని వదిలెయ్యండి. నేను నొక్కుతాను," అని ఆమె చేతి బొత్తాలు విప్పి, చొక్కా మోచేతుల పైకి మడిచింది. "పది నిమిషాలు చూడండి సార్."

అధికారి గడియారం చూశాడు. కాలరు, రెండు చేతులతో రెండు బొత్తాలు, ఆవిరి. మణికట్టు పట్టీ, రెండు చేతులతో రెండు బొత్తాలు, ఆవిరి. నేరేడు రంగు చొక్కా వీపుకి అతుక్కుపోయింది. బూట్లు ఎప్పుడు విప్పేసిందో ఆమెకే తెలియదు. హాల్లో మిగతా ప్రెస్సులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"తొమ్మిది," అన్నాడు అధికారి.

"గంటకి యాభై నాలుగు. ఇక్కడ నాకంటే వేగంగా నొక్కేవాళ్లు లేరు, ఎవర్నైనా అడగండి. మిగతా ముప్పై ఆరు మూడో చెయ్యి మొలిపించుకుని నొక్కాలా?"

గంజిదొర ఆమె మొహం వైపు చూడటం లేదు. ముంజేతుల మీద వరసగా ఉన్న వాతలు చూస్తున్నాడు. పట్టీని విదిలించి పరిచే ఆ మణికట్టు విసురు చూస్తున్నాడు. మొహాలు తెలియని మనిషికి చేతులు తెలుసు.

"నువ్వు... నాలుగో ప్రెస్సు దానివి కదూ?" గొంతులో మేడమ్ ఎగిరిపోయింది. "సార్, ఇది మోసం! ఇది దాని చెల్లెలు!"

అధికారి కళ్లజోడు తీశాడు. "నిజమేనా అమ్మా?"

"నిజమేనండీ. ముందే చెప్పకపోవడం నా తప్పు. సాయంత్రానికల్లా ఈ ఉద్యోగం పీకెయ్యండి, కిమ్మనకుండా పోతాను. నా సాక్ష్యం రాసుకున్నాక."

"ఏం సాక్ష్యం?" గంజిదొర అరిచాడు. "ఏమీ చూడలేదని అప్పుడు చెప్పింది సార్! ఫైల్లో ఉంది!"

"చెప్పాను. అప్పుడు నా ఒంటి మీద మీ చొక్కా ఉంది. ఇది నాది."

అధికారి కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. అంతవరకూ రాసిన కాగితం పక్కన పెట్టి, కొత్తది తీశాడు.

"టేపు ఎవరు అంటించారు?"

ఆమె తొందరపడలేదు. రెండేళ్లు గొంతులో అడ్డంపడిన ముల్లు అది. పీకేటప్పుడు వాడి కళ్లలోకి చూస్తూ పీకాలి. గంజి చొక్కా మెడ దగ్గర చెమటకి మెత్తబడటం, కాలరు ఒకపక్కకి ఒరగడం తీరిగ్గా చూసింది. అప్పుడు చెయ్యెత్తి చూపించింది.

"ఈయనే. వద్దండీ భయమేస్తోందని మా అక్క అంటుంటే, పళ్లతో తెంపి, తన చేత్తో అంటించాడు. గంజిదొర."

ఆ చివరి మాట అర్థంకాక అధికారి తలెత్తాడు. ఆ పేరు అతను వినడం అదే మొదలు. గంజిదొర కూడా వినడం అదే మొదలు.

వెనక, ఐదో ప్రెస్సు దగ్గర, ఆకుపచ్చ చొక్కా ఒకటి ముందుకి కదిలింది.

"రాసుకోండి సార్. మేనేజరుగారే. నా బొత్తాం మీద అంటించింది కూడా ఆయనే."