నమ్మకం చాలలేదన్నారు

నేను ఒక బోలు గొట్టాన్ని. జనం నన్ను తాయెత్తు అంటారు, కళ్లకద్దుకుంటారు. నా పుట్టుక చెబితే మీకు నవ్వొస్తుంది. పాడైపోయిన ఫ్రిజ్ వెనకాల ఉండే రాగి గొట్టం ఒకటి పాత సామాన్ల కొట్టుకు చేరింది. దాన్ని ఓదెలు సామి అనే మంత్రగాడు తెచ్చుకుని, రంపంతో వేలెడు ముక్కలుగా కోశాడు. అందులో నేనొక ముక్కను. ఒక్కో గొట్టంలో బీజాక్షరాలు గీసిన రేకు చుట్టి పెట్టి, రెండు చివర్లూ లక్కతో మూయడం ఆయన పద్ధతి. నా వంతు వచ్చేసరికి రేకులు అయిపోయాయి. అరుగు మీద మనుషులు ఎదురుచూస్తున్నారు. ఆయన గోడకున్న క్యాలెండరులో పోయిన నెల కాగితం చింపి, మడిచి, నాలో కుక్కాడు. కాబట్టి నా మహిమ ఎంతో నాకు బాగా తెలుసు. నా కడుపులో ఉన్నవి గడిచిపోయిన రాహుకాలాలు, ఒక ఎరువుల కొట్టు ప్రకటన.

ఆ రోజు నన్ను చేతికి కట్టించుకున్నవాడు రాజేశం. కల్లు గీసేవాడు. అంతకు నాలుగు నెలల కిందట వానకు తడిసిన తాటిచెట్టు మీద కాలు జారి, తుప్పల మీద పడి, భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది గానీ ధైర్యం అతుక్కోలేదు. మనిషెత్తు ఎక్కేసరికి చేతులు వణికేవి. అప్పుడు అతని భార్య బాలవ్వ ఏం చేసిందో ఊరంతా మరిచిపోయింది. నేను మాత్రం మరిచిపోలేదు, అతని నోటి వెంటే విన్నాను కాబట్టి. రోజూ పొద్దున్నే అతన్ని చెట్టు దగ్గరికి లాక్కుపోయేది. అతను ఎంతవరకు ఎక్కితే అంతవరకు మానుకు సున్నంతో గీత పెట్టించేది. "ఇయ్యాల గీ గీత దాటు, సాలు. రేపటి సంగతి రేపు" అనేది. మోకును, అంటే చెట్టుకూ నడుముకూ కలిపి చుట్టుకునే తాడును, ప్రతి ఉదయం పురి పురీ వేళ్లతో తడిమి చూసి గానీ అతనికి ఇచ్చేది కాదు. రెండు నెలలకు సగం చెట్టు దాటాడు. సరిగ్గా అప్పుడే ఎవరో చెప్పారని ఓదెలు దగ్గరికి వచ్చి నన్ను కట్టించుకున్నాడు. మర్నాడు చెట్టు కొనన ఉండే మొవ్వు దాకా ఎక్కాడు.

ఇక చూడండి నా వైభవం! అరవై గీతలు గీయించిన ఆడమనిషి మాట ఎవరూ ఎత్తలేదు. ఒక్కరోజు వయసున్న నాకు పసుపు, కుంకుమ. కల్లు అమ్మే మండువలో రాజేశం చొక్కా చెయ్యి పైకి మడిచి నన్ను చూపించేవాడు. బాలవ్వ నవ్వేది. "ఎక్కింది నువ్వా, అదా?" అని అడిగేది. అలాగని దేవుడంటే లెక్కలేని మనిషి కాదామె. ఎల్లమ్మకు బోనం తప్పేది కాదు, గీసేవాళ్ల దేవుడు కాటమయ్యకు దండం పెట్టకుండా పెనిమిటిని చెట్టెక్కనిచ్చేది కాదు. "తల్లి మనకు చేతులిచ్చింది. మోకు తడుముకోమనే ఇచ్చింది" అనేది. ఆ మాట నాకు నచ్చింది. నచ్చి ఏం చేస్తాను, నాకు నోరు లేదు.

ఒక మధ్యాహ్నం కట్టెలు ఏరుకుంటుంటే బాలవ్వ పిక్కను ఒక కుక్కపిల్ల కొరికింది. పన్ను చిన్నగానే దిగింది. ఆమె తెలివిగలది. సబ్బుతో కడుక్కుని నేరుగా సర్కారు దవాఖానకు పోయి మొదటి సూది వేయించుకుంది. మిగిలిన సూదులకు తేదీలు రాసి అట్ట ఇచ్చారు. రాజేశం ఆ సాయంత్రమే ఓదెలు దగ్గరికి పోయి వచ్చాడు. వస్తూనే నన్ను తన చేతి నుంచి విప్పి ఆమె చేతికి కట్టబోయాడు.

"పదకొండు రోజులు కట్టుకొమ్మన్నడు. కట్టుకున్నంక ఇగ ఎన్నడూ సూది పడొద్దు. పడితే కట్టు తెగుతదట" అన్నాడు.

"గట్లయితే కట్టకు. నేను సూదులే ఏసుకుంట."

"నన్ను కాపాడింది నిన్ను కాపాడదా?"

"నిన్ను అది కాపాడలేదయ్యా. నువ్వే ఎక్కినవు. నేను కింద నిలవడి చూసిన."

"గంత మాటనకే బాలవ్వా. ఇది ఉత్తదైతే రేపు నేనేం పట్టుకోని చెట్టెక్కాలె?" అన్నాడు. నన్ను పట్టుకున్న అతని వేళ్లు వణికాయి. మనిషెత్తు దగ్గర వణికిన వణుకే అది.

బాలవ్వ ఆ వేళ్లను చూసింది. అవి చెట్టు మీద అలా వణికితే ఏమవుతుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. దవాఖాన నర్సు ఇల్లు వాళ్ల వాడలోనే. చాటుగా పోయి సూది వేయించుకున్నా పొద్దు గుంకే లోపల రాజేశానికి తెలిసిపోతుంది. చెయ్యి చాచింది. నా మీద గోరంత నమ్మకం లేని మనిషి, మొగుడి నమ్మకం చెడకూడదని నన్ను కట్టించుకుంది. లోకంలో ఇంతకంటే దండగ త్యాగం నేను చూడలేదు. నాకు చేతకాని పని నాకు అప్పజెప్పి, ఇద్దరూ నిశ్చింతగా అన్నం తిన్నారు. కాదు, ఒకరే నిశ్చింతగా తిన్నారు.

ఆ పదకొండు రోజులూ రాజేశం ఖాళీ చేత్తోనే చెట్లెక్కాడు, దిగాడు. నేను ఉత్త గొట్టాన్ననడానికి చూస్తున్నవాళ్లకు ఇంతకంటే రుజువేం కావాలి? "మరి ఇప్పుడెట్ల ఎక్కుతున్నవు?" అని బాలవ్వ అడిగింది కూడా. "తాయెత్తు ఇంట్లనే ఉన్నది గదా, దాని బలం నాకు అందుతది" అన్నాడతను. మనిషి తెలివి ఎటైనా వంగుతుంది, తనకు కావలసిన వైపు అయితే. పన్నెండో రోజున నేను మళ్లీ అతని చేతికి చేరాను. గాయం మానిపోయింది. సూదుల అట్టను బాలవ్వ బియ్యం డబ్బా మూత కింద పెట్టింది. రెండోసారి ఆ మాట ఎత్తలేదు.

నలభై రోజులు దాటాక ఒక ఉదయం ఆమె చెంబు ఎత్తుకుంది గానీ నీళ్లు తాగలేకపోయింది. గొంతు పట్టేసింది. మరుసటి రోజుకు చెంబు చూస్తేనే ఒళ్లు అదిరిపడేది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు ఆ అట్ట చూశాడు. ఒక్క గడిలోనే సంతకం ఉంది.

"మిగతా సూదులు ఎందుకు వేయించుకోలేదమ్మా?" అని అడిగాడు. కోపంగా కాదు, బాధగానే.

బాలవ్వ రాజేశం వైపు చూసింది. అతని చేతికి నేను ఉన్నాను. "యాది మరిచిన సారూ" అంది.

అదీ ఆమె సంకల్పం. చావు గొంతు దగ్గరికి వచ్చినా మొగుణ్ణి పడనివ్వలేదు. మంత్రాలు, మహిమలు అని ఊరేగేవాళ్లలో ఎవరికీ ఆ శక్తి ఉన్నట్టు నేను ఎరగను. మూడో రోజు పోయింది.

కర్మకాండ అయ్యాక రాజేశం ఓదెలు ముందు కూర్చుని ఏడ్చాడు. నన్ను విప్పి అరుగు మీద పెట్టాడు. అప్పుడు నాకు ఆశ పుట్టింది. ఇప్పుడైనా నన్ను రాయితో చితక్కొడతాడని, క్యాలెండరు ముక్క బయట పడుతుందని. ఓదెలు తడుముకోకుండా అన్నాడు: "దీంట్ల లోపం లేదు బిడ్డా. ఆమెకు నమ్మకం సాల్లేదు." ఎక్కితే నా మహిమ, చస్తే ఆమె నమ్మకం లోపం. ఏ వైపు పడ్డా మాకు ఓటమి లేదు. రాజేశం ఆ మాటను రెండు చేతులా అందుకున్నాడు. అతనికి ఆ మాట కావాలి. అది లేకపోతే భార్యను తనే చంపుకున్నానని ఒప్పుకోవాలి, ఒప్పుకున్నవాడు మర్నాడు చెట్టెక్కలేడు. అందుకని నన్ను తీసి మళ్లీ చేతికి కట్టుకున్నాడు. నాకు అసహ్యం వేసింది. అతని మీదా, నా మీదా.

మొన్న పక్క ఊరి నుంచి సుగుణ అనే పడుచు రాజేశం ఇంటికి వచ్చింది. మోచేతి కింద కుక్క పళ్ల గాట్లు, ఇంకా పచ్చిగానే ఉన్నాయి. దవాఖానకు పోయే బస్సు కోసం నిలబడితే, అక్కడ ఎవరో రాజేశం దగ్గర గట్టి తాయెత్తు ఉందని చెప్పారట. అతను ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లిచ్చి, నన్ను తన చేతి నుంచి విప్పాడు.

"పదకొండు రోజులు. సూది పడొద్దు. మా ఇంటామె నమ్మలే చెల్లే, గందుకే పోయింది. నువ్వన్న నమ్ము" అన్నాడు. చెబుతుంటే అతని కళ్లల్లో నీళ్లు నిండాయి. అబద్ధం ఆడేవాడి నీళ్లు కావవి.

సుగుణ ఆ నీళ్లు చూసింది. ఇంటి ముందు రోడ్డు మీద దవాఖాన బస్సు వచ్చి ఆగింది, కండక్టరు రెండుసార్లు కేక వేశాడు.

"నమ్ముత అన్నా" అని ఆమె చెయ్యి చాచింది.