వెనక సీటు

హోసూరు వైపు పోచంపల్లి సంతలో ఎద్దు నడక చూసి దాని వయసూ, దాచిన జబ్బూ, అమ్మేవాడి అవసరమూ మూడూ చెప్పగలడు అచ్చెన్న. ముప్పై రెండేళ్ళుగా పశువుల బేరమే అతని బతుకు. ఏ పనికైనా వచ్చేదెంత, పోయేదెంత అని ముందే తేల్చుకునే మనిషి. ఒక్కచోట మాత్రం లెక్క తప్పాడు.

రెండేళ్ళ కిందట కల్లావి దారిలో ఎవరో రైతు, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని ఉలవ చెత్తను రోడ్డంతా పరిచి ఉంచాడు. పక్కన మట్టిబాట ఉంది. అట్లా తిరిగిపోతే రెండు నిమిషాలు పోతాయని అచ్చెన్న బైకును చెత్త మీదికే పోనిచ్చాడు. చక్రం జారింది. అతనికి మోచేయి గీరుకుపోయింది. వెనక కూర్చున్న భార్య తాయారమ్మకు తుంటి విరిగింది.

ఎముక అతికింది. ఇక భయం లేదని డాక్టరు కూడా చెప్పాడు. కానీ ఆమె మళ్ళీ అతని బైకు ఎక్కలేదు. సంతకైనా పెళ్ళికైనా బస్సే. అతణ్ణి ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. తిట్టేవాళ్ళతో రాజీ పడొచ్చు, ఏమీ అనని మనిషితో బేరం ఎక్కడ మొదలుపెట్టాలి? వెనక సీటు ఖాళీగా పోతున్న ప్రతిసారీ బండి బరువెక్కినట్టే ఉండేది అచ్చెన్నకు.

హోసూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసే కూతురు ఉదయశ్రీ, సెలవు పెట్టి ఇద్దరినీ రాజస్థాన్ తీసుకొచ్చింది. జైసల్మేరు దాటాక ఎటు చూసినా ఇసుక దిబ్బలే. జీపులు దిబ్బలెక్కి దిగుతున్నాయి. ఒంటెలు మోకాళ్ళ మీద కూర్చుని నెమరేస్తున్నాయి.

"అమ్మా, ఒంటె ఎక్కుతావా?" అంది ఉదయశ్రీ.

తాయారమ్మ జవాబు చెప్పేలోపే అచ్చెన్న ఒంటె చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. నుదుటి మీదా వీపు మీదా సుళ్ళు వెతికాడు. వంగి పాదం చూశాడు.

"గిట్టలే లేవు గదమ్మా దీనికి! పరుపు కట్టినట్టు మెత్తగా ఉండాది."

"ఒంటెకు అట్లే ఉంటుంది నాయనా. మనమేం కొననీకి వచ్చినామా?"

"కొనకపోతే? మీ అమ్మను ఎక్కించే జీవం. వయసు తెలీకుండా ఎక్కిస్తానా?"

అంటూనే, సంతలో ఎద్దుకు చేసినట్టు, ఒక చేత్తో దవడ పట్టి పండ్లు చూడడానికి రెండో చేత్తో కింది పెదవి లాగాడు. ఒంటెవాడు హిందీలో కేకేస్తూ పరుగెత్తుకొచ్చాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. ఒంటె గొంతులోంచి ఒక గర్జన లేచింది. దాని వెనకే, నమిలిన మేత పచ్చగా చిక్కగా వచ్చి అచ్చెన్న మొహం నుంచి చొక్కా దాకా పడింది.

తాయారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎన్ని పండ్లుండాయప్పా? ఆరా, ఎనిమిదా?"

"లెక్కపెట్టనిస్తే గదా అది!"

గుడారం దగ్గర కుళాయి కింద మొహం కడుక్కుని వచ్చేసరికి భార్య కనిపించలేదు. ఉదయశ్రీ దిబ్బ మీదికి చెయ్యి చూపింది. ఆ ఎత్తున, ఒంటె మీద, ఊగుతూ తాయారమ్మ.

"పడితే? ఎట్లా ఎక్కించినావమ్మా?"

"నేను ఎక్కించలేదు నాయనా. తనే ఎక్కింది. నువ్వు వచ్చేలోపల ఎక్కాలనింది."

ఆ మాటతో అచ్చెన్న లెక్కంతా తేలిపోయింది. ఆమెకు ఎత్తంటే భయం లేదు, జంతువంటే భయం లేదు. బండి తోలే తన చేతులంటేనే భయం. ఇన్నాళ్ళూ తుంటి బాగుపడాలని మొక్కుకున్నాడు. బాగుపడాల్సింది తుంటి కాదన్నమాట.

ఒంటె దిగి వచ్చిన భార్యను సూటిగానే అడిగాడు. "నేను లేనప్పుడు ఎందుకు ఎక్కినావు?"

"ఉంటే మళ్ళీ దాని పండ్లు చూస్తావని."

నవ్వుతూ అంటోందో దాటేస్తోందో అతనికి తెలియలేదు. ఆమె అప్పటికే పక్కన వరసగా నిలిపిన నాలుగు చక్రాల బైకుల వైపు చూస్తోంది.

"ఈయన తోలుతాడంట. నువ్వు వెనక కూసోమ్మా," అని ఉదయశ్రీ బైకు మనిషిని చూపించింది.

"వానికి ఇసుక తెలుసు గానీ, నేను తెలీదు గదా. మీ నాయన తోలనీ."

"నాతో కాదు," అన్నాడు అచ్చెన్న.

"నీతో కాకపోతే, ఊరికి పోయినాక ఎవురు తోలేది?"

బైకు మనిషి నేర్పినట్టు బొటనవేలితో మీట నొక్కాడు. బండి కదిలింది. తాయారమ్మ అతని చొక్కా పట్టుకుంది. మొదటి దిబ్బ ఎక్కారు, దిగారు. రెండో దిబ్బ అంచున ఇసుక జారి బండి ఒరిగింది. అచ్చెన్న మీట వదిలేసి బండిని నిలబెట్టాడు. వెనక సీటు మాత్రం ఖాళీ అయింది.

ఒక్క ఉదుటున దూకాడు. "యాడ తగిలింది? తుంటికేనా?"

తాయారమ్మ ఇసుకలో చతికిలబడి ఉంది. తుంటి మీద చెయ్యి పెట్టి చూసుకుంది. కాలు చాపింది, మడిచింది, మళ్ళీ చాపింది. తర్వాత ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి చీర దులుపుకుంది.

"ఏమీ కాలే. బొంత మీద పడినట్టుండాది."

అప్పుడు కూలబడ్డాడు అచ్చెన్న. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పడినది నేనా, నువ్వా?" అంది తాయారమ్మ.

"ఆ పొద్దు మట్టిబాటలో తిరిగి పోయుంటే..." అన్నాడు. రెండేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"పోయుంటే బాగుండు. పోలేదు. రెండేండ్లు బండి శబ్దమొస్తే ఒళ్ళు జలదరించేది నాకు. నీకు చెప్తే నువ్వు బండి అమ్మేస్తావని చెప్పలే." చెయ్యి చాచింది. "లే. పాప కాచుకోనుంటుంది."

ఆ చెయ్యి పట్టుకుని లేచాడు. అతను బండెక్కి కూర్చున్నాడు గానీ మీట నొక్కలేదు. వెనక సీటు కుంగింది. చొక్కా కాదు, ఈసారి భుజమే పట్టుకుంది, వేళ్ళు దిగబడేంత గట్టిగా.

"పోనీ," అంది. "ఎడమ పక్క దిగు. ఆడ చదునుగా ఉండాది."

ఎడమ పక్కకే తిప్పాడు అచ్చెన్న. భుజం నొప్పి పుడుతోంది. పట్టు కాస్త వదులు చెయ్యమని మాత్రం అనలేదు.